ఎర్రపూల బొమ్మకి మేకు కొట్టే ముందు

చిట్టితల్లీ, కన్నా,

మొన్న వీడియో కాల్‌లో మా హాల్లో గోడమీదున్న పటం చూసి, "అమ్మమ్మా, ఆవిడకి కళ్ళూ ముక్కూ లేవేంటి? వేసినాయనకి బొమ్మలు రావా?" అని అడిగారు. అప్పుడు ఏదో చెప్పి ఊరుకున్నాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. అందుకే అదే బొమ్మ ఇంకో ప్రింటు తీయించి మీకు పార్సిల్ చేస్తున్నాను. మేకు కొట్టే ముందు ఈ ఉత్తరం చదవండి.

ఆ బొమ్మ వేసినాయన క్లోద్ మోనే. ఫ్రాన్స్ దేశస్థుడు. 1873లో వేశారు. పారిస్‌కి దగ్గర్లో సీన్ నది ఒడ్డున అర్జాంతొయ్ అనే ఊరుంది, అప్పట్లో ఆయన కాపురం అక్కడే. ఊరి బయట గడ్డి నేలలో ఎర్రగా పూసినవి కోక్లికోలు. మనం మసాలాల్లో వేసే గసగసాల మొక్కకి దగ్గర చుట్టం. ఎవరూ నాటక్కర్లేదు. విత్తనాలు మట్టిలో ఏళ్ళ తరబడి పడుండి, నేల కదిలినప్పుడు మొలుస్తాయి. అక్కడి గోధుమ రైతుకి అది కలుపు మొక్కే. ఆ కలుపునే మోనే బొమ్మంతా పరిచారు.

ముందుభాగంలో గొడుగు పట్టుకుని నడుస్తున్నది ఆయన భార్య కమీయ్, పక్కనున్న పిల్లవాడు కొడుకు జాన్ అని అంటారు. జాన్‌కి అప్పుడు దాదాపు ఆరేళ్ళు, మన కన్నగాడి వయసే. వాడి చేతిలో కూడా ఎర్రపూలున్నాయి, వెతకండి. ఇప్పుడు ఎడమపక్క పైకి, చెట్ల వరస దగ్గరికి చూడండర్రా. అక్కడ ఇంకో తల్లీ బిడ్డా ఉన్నారు. ఈ బొమ్మ మా ఇంటికొచ్చిన చాలా రోజులకి గానీ నాకు వాళ్ళు కనపడలేదు. రెండు జంటలనీ మార్చి మార్చి చూస్తుంటే, పైనున్న వాళ్ళే గట్టు దిగి మన దగ్గరికి వచ్చేసినట్టుంటుంది.

ఇక మీ ప్రశ్న. పార్సిల్ విప్పగానే బొమ్మని నేలమీద గోడకి ఆనించి, ముక్కు తగిలేంత దగ్గరగా చూడండి. పూలు కనపడవు. ఎర్ర చుక్కలు, అంతే. ఒక్కదానికీ రేకు లేదు, కాడ లేదు. ఎడమవైపు ముందున్నవి మరీ పెద్దవి, ఆ మనుషుల పక్కన అంతంత పూలుంటాయా అనిపిస్తుంది. ఇప్పుడు ఏడెనిమిది అడుగులు వెనక్కి వెళ్ళండి. ఆ చుక్కలే తోటై, గాలికి ఊగుతున్నట్టుంటాయి. పచ్చిమిరప చెట్టుకి ఒకే ఒక్క పండుకాయ ఉంటే ఎంత దూరం నుంచైనా ఎలా తెలిసిపోతుందో ఇదీ అంతే. పచ్చదనం పక్కన పడేసరికి ఎరుపు రెట్టింపవుతుంది. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు.

ముఖం ఎందుకు లేదంటారా? మీ తాతయ్య సాయంత్రం బస్సు దిగి చేలగట్టు మీద నడిచొస్తుంటే నేను అరుగు మీద నుంచే పోల్చుకునేదాన్ని. కళ్ళూ ముక్కూ ఎక్కడ కనపడతాయి అంత దూరానికి? తెల్ల చొక్కా, చంకలో సంచి, కొంచెం కుడివైపు ఒరిగే నడక. అదే తాతయ్య. మోనే కూడా ఆ ఎండలో, ఆ దూరంలో కంటికి ఏది ఆనిందో అది వేశారు. తెలిసినదంతా వేయలేదు. బొమ్మలు రాక కాదమ్మా.

మీలాగే అడిగిన పెద్దవాళ్ళు అప్పుడూ ఉన్నారు. 1874 ఏప్రిల్ 15న పారిస్‌లో, నాదార్ అనే ఫోటోగ్రాఫర్ ఖాళీ చేసిన స్టూడియోలో, సుమారు ముప్పైమంది చిత్రకారులు కలిసి సొంతంగా ప్రదర్శన పెట్టుకున్నారు. ఈ బొమ్మ అందులో ఉంది. మోనేదే ఇంకో బొమ్మ కూడా ఉంది, పొద్దుటి పొగమంచులో రేవు. దానికి ఆయన పెట్టిన పేరులో 'ఇంప్రెషన్' అనే మాటుంది, అంటే మనసు మీద పడే ముద్ర. లూయీ లెర్వా అనే విమర్శకుడు ఆ మాట పట్టుకుని వీళ్ళందరినీ 'ఇంప్రెషనిస్టులు' అని పత్రికలో వెక్కిరించాడు. ఆ పేరే నిలిచిపోయింది.

ఇంకొకటి చెప్పాలి. పూర్వం తైలవర్ణాలని పంది మూత్రాశయపు తిత్తుల్లో నింపుకునేవారు. పొడిచి రంగు తీసేవారు, మిగిలింది ఎండిపోయేది. 1841లో జాన్ రాండ్ అనే అమెరికా చిత్రకారుడు మూత ఉన్న రేకు ట్యూబు కనిపెట్టాడు. మీ టూత్‌పేస్టు ట్యూబు లాంటిదే. అది చేతికొచ్చాక రంగులు సంచీలో వేసుకుని చేల మధ్యకి వెళ్ళి, అక్కడే కూర్చుని వేయడం సులువైంది. మబ్బు కదిలేలోపు వేయాలి కాబట్టి కుంచె కూడా గబగబా నడిచింది.

అసలు బొమ్మ ఇప్పుడు పారిస్‌లో, ఒకప్పటి రైల్వే స్టేషన్‌ని మ్యూజియం చేసిన ఓర్సేలో ఉంది. అది 50 సెంటీమీటర్ల ఎత్తు, 65 వెడల్పు. మన దినపత్రిక విప్పి పరిస్తే ఎంతో దాదాపు అంత. మీకు అదే సైజు తీయించాను. నేను మొదటిసారి ఏ త్రీ కాగితం మీద తీయించినప్పుడు, కాగితం నిండాలని దుకాణం అబ్బాయి కింద రెండున్నర సెంటీమీటర్లు కోసేశాడు. పిల్లవాడు నడిచే గడ్డి పోయింది. అంచుకి తెల్ల కాగితం మిగిలినా ఫరవాలేదు, బొమ్మ తెగకూడదు.

ఆ ప్రింటుకి ఇంకో కష్టమూ వచ్చింది. పడమటి కిటికీకి ఎదురుగా పెట్టాను. సాయంత్రపు ఎండ తిన్నగా దానిమీదే. కొట్ల ముందు ఎండలో వేలాడే పోస్టర్లు నీలంగా మారిపోతాయి చూశారా, అలా మూడు వేసవులకి నా పూలు పాలిపోయాయి. ఎరుపు పోతే ఆ బొమ్మలో ఏముంటుంది చెప్పండి? అందుకే మీ ఇంట్లో బాల్కనీ తలుపు ఎదుటి గోడ వద్దు. బాత్రూమ్ వెనక గోడా వద్దు, అది వానాకాలంలో చెమ్మెక్కుతుంది.

పటం కట్టించేటప్పుడు అద్దానికీ కాగితానికీ మధ్య మౌంట్ బోర్డు, అంటే మధ్యలో కిటికీలా కోసిన దళసరి అట్ట, పెట్టించమని అమ్మకి చెప్పండి. లేకపోతే వానల్లో కాగితం అద్దానికి అతుక్కుని అలలు తేలుతుంది. ఫ్రేము సన్నటి చెక్కది చాలు, బంగారు రంగు నగిషీ పక్కన ఆ ఆకాశం వెలవెలబోతుంది. వెనక కింది రెండు మూలలకీ చిన్న బిరడా ముక్కలు అతికిస్తే గోడకీ పటానికీ మధ్య గాలి ఆడుతుంది.

నాకైతే మీ భోజనాల గదికి వెళ్ళే దారిలో ఉన్న పొడుగాటి గోడ నచ్చింది. అక్కడ దగ్గరికీ వెళ్ళొచ్చు, వెనక్కీ జరగొచ్చు. పెద్దవాళ్ళకైతే పటం మధ్యభాగం నేల నుంచి 145, 150 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలంటారు. మీరు 120కి పెట్టించుకోండి. నాన్న వంగి చూస్తాడు, ఏం కాదు. మీరు పెరిగాక మేకు పైకి మారుద్దాం. ఒక్క జాగ్రత్త, మేకు పడేది పటం మధ్యకి కాదు. వెనక తీగని వేలితో పైకి లాగి, అది పటం మధ్య నుంచి ఎంత పైకొచ్చిందో కొలిచి, 120కి అంత కలుపుకోండి.

తాతయ్య టేపు కూడా పార్సిల్‌లో పెట్టాను. మేకు నాన్న కొడతాడు, కొలత మాత్రం మీరిద్దరే తీయాలి. పెట్టాక ఫోన్ చేయండి, పైనున్న ఆ రెండో జంట ముందు ఎవరికి కనపడిందో నాకు తెలియాలి.

ఇట్లు,
మీ అమ్మమ్మ