పాత బ్లాకులోకి రోలర్ కామ్: తుక్కు యార్డు దాకా వచ్చిన కథ

1970ల నాటి అమెరికన్ వీ8 ఇంజన్ విప్పి, తుక్కు యార్డులో దొరికిన తర్వాతి తరం ఇంజన్ నుంచి తీసిన రోలర్ లిఫ్టర్లు (వాల్వులను తెరిచే, అడుగున చిన్న చక్రం ఉన్న ముక్కలు) అందులో బిగించడం ఇప్పుడు చాలామంది చేస్తున్న పనే. ఆ పాత ఇంజన్ కొత్తగా ఉన్న రోజుల్లో మాత్రం ఎవరైనా "వేరే బండిలోంచి తీసిన లిఫ్టర్లు తెచ్చాను, నా కామ్ మీద వేసెయ్" అంటే, పని తెలిసిన మెకానిక్ బండి ముట్టుకునేవాడు కాదు. అప్పుడు కూడని పని ఇప్పుడు ఎలా కుదిరిందో తెలియాలంటే ముందు చక్రం లేని ఫ్లాట్ లిఫ్టర్ సంగతి చూడాలి.

కామ్‌షాఫ్ట్ (కామ్) మీద పొడుచుకొచ్చిన ఉబ్బును లోబ్ అంటారు. అది తిరుగుతూ లిఫ్టర్‌ను పైకి తోస్తుంది. అక్కడి నుంచి పుష్‌రాడ్, రాకర్ కదిలి వాల్వ్ తెరుచుకుంటుంది. కొత్త ఫ్లాట్ లిఫ్టర్లు రెండు తీసుకుని, అడుగు భాగాలు ఒకదానికొకటి ఆనించి, వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. మధ్యలో ఆనుకుంటాయి, అంచుల దగ్గర మాత్రం సన్నగా వెలుగు కనిపిస్తుంది. ఫ్లాట్ అన్నది పేరుకే, అడుగు కాస్త ఉబ్బుగానే ఉంటుంది. లోబ్ కూడా ఒకవైపుకు రవ్వంత వాలుగా ఉంటుంది. ఈ రెండూ కలిసి, ఇంజన్ తిరిగినంతసేపూ లిఫ్టర్‌ను దాని బోర్‌లో (అది కూర్చునే రంధ్రంలో) గుండ్రంగా తిప్పుతుంటాయి. అలా తిరిగితేనే అరుగుదల ఒకే చోట పడకుండా సర్దుకుంటుంది. తిరగడం ఆగిన లిఫ్టర్ కింద లోబ్ కొద్దిసేపట్లోనే అరిగి గుండుగా మారిపోతుంది.

అందుకే కొత్త ఫ్లాట్ కామ్ వేశాక ఇంజన్‌ను ఐడిల్‌లో వదలకుండా సుమారు 2,000 ఆర్పీఎం పైన 20 నిమిషాలపాటు నడపాలంటారు. ఆ 20 నిమిషాల్లో ప్రతి లిఫ్టర్ తన కింది లోబ్‌తో జత కుదుర్చుకుంటుంది. ఆ తర్వాత దాన్ని పక్క బోర్‌లోకి కూడా మార్చకూడదు. ఇక వేరే ఇంజన్ మాట అడగనే అక్కర్లేదు. పాత ఫ్లాట్ లిఫ్టర్లను అమ్మేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాటి మీద డబ్బు తగలేయడం శుద్ధ దండగ.

లోబ్ మీద రాసుకునే అడుగు బదులు చిన్న చక్రం దొర్లితే ఈ తంటా ఉండదన్న సంగతి పాతదే. భారీ డీజిల్ ఇంజన్లలో రోలర్ ఫాలోయర్లు ఎప్పటినుంచో ఉన్నాయి. కాలిఫోర్నియాలో రేసు ఇంజన్లకు వీటిని అలవాటు చేసిన తొలితరం వాళ్లలో చెట్ హెర్బర్ట్ పేరు ముందు వినిపిస్తుంది. అయితే అవి రేసు కోసం చేసిన సామాన్లు, ఖరీదు ఎక్కువ, తుక్కులో దొరికే సరుకు కాదు.

మామూలు కార్లలోకి రోలర్‌ను తెచ్చింది వేగం మీద మోజు కాదు, పెట్రోలు లెక్క. 1973 చమురు సంక్షోభం తర్వాత అమెరికా 1975లో చట్టం చేసి, ప్రతి కంపెనీ అమ్మే కార్ల సగటు మైలేజీకి కనీస హద్దు పెట్టింది. 1978 మోడళ్లకు గ్యాలన్‌కు 18 మైళ్లు, 1985కి 27.5 మైళ్లు. పెద్ద ఇంజన్లు అమ్ముతూ ఆ లెక్కను అందుకోవాలంటే ఇంజన్ లోపలి రాపిడిలో ఎంత తగ్గితే అంత మేలు. ఫోర్డ్ 1985 ముస్టాంగ్ జీటీ 5.0 లీటర్ల ఇంజన్‌కు హైడ్రాలిక్ రోలర్ కామ్ ఇచ్చింది. షెవర్లే స్మాల్ బ్లాక్ వీ8 ఇంజన్ 1955 నుంచీ ఫ్లాట్ లిఫ్టర్లతోనే నడిచి, 1987లో కార్లలో రోలర్‌కు మారింది.

యార్డులకు వచ్చే సరుకు అప్పటి నుంచే మారుతూ వచ్చింది. రోలర్ లిఫ్టర్ బోర్‌లో తిరగకూడదు, తిరిగితే చక్రం అడ్డం పడి లోబ్‌ను చెక్కేస్తుంది. అలా తిరక్కుండా ఉండేందుకు రెండేసి లిఫ్టర్లను ఎముక ఆకారపు పట్టీతో పట్టి, వాటన్నిటినీ పైనుంచి సాలీడు కాళ్లలాంటి స్ప్రింగు రేకుతో అదిమి ఉంచారు. ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఎత్తితే నల్లటి నూనె మడ్డి కింద ఇవే కనిపిస్తాయి. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, చక్రం దొర్లుతుందే కానీ లోబ్‌తో జత కట్టదు. కాబట్టి ఒక ఇంజన్లో లక్ష మైళ్లు తిరిగిన లిఫ్టర్, చక్రం మీద గుంటలు లేకుండా, లోపలి సూది బేరింగు వదులు కాకుండా ఉంటే, మరో కామ్ మీద నిక్షేపంగా పనిచేస్తుంది. పాత లిఫ్టర్లకు మళ్లీ విలువ వచ్చింది ఈ ఒక్క గుణం వల్లే.

నూనె మారడం కూడా జనాన్ని ఇటే నెట్టింది. ఫ్లాట్ కామ్‌ను కాపాడేది నూనెలోని జింకు, ఫాస్ఫరస్ కలిసిన జెడ్‌డీడీపీ. ఆ ఫాస్ఫరస్సే పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడుచేస్తుంది. అందుకని కార్లలో వాడే పల్చటి గ్రేడ్ల నూనెల్లో దాని గరిష్ఠ హద్దును తగ్గించుకుంటూ వచ్చి, 2004 ప్రమాణంలో 0.08 శాతం దగ్గర పెట్టారు. కొత్త ఇంజన్లు అప్పటికే రోలర్లవి కావడంతో వాటికేమీ కాలేదు. పాత ఇంజన్ల యజమానులకే టెన్షన్ మొదలైంది.

ఇంతా చెప్పాక, విప్పి తెచ్చి బిగించేస్తే అయిపోతుందనుకోవద్దు. రోలర్ లిఫ్టర్ ఎత్తు ఎక్కువ, కాబట్టి పుష్‌రాడ్లు పొట్టివి కావాలి. 1985కు ముందటి ఫోర్డ్ 302 (అదే 5.0 లీటర్ల ఇంజన్) బ్లాకులో లిఫ్టర్ బోర్లు పొట్టిగా ఉంటాయి. అందులో ఫ్యాక్టరీ లిఫ్టర్లే వాడాలంటే బేస్ సర్కిల్ (లోబ్‌లో ఉబ్బు లేని గుండ్రటి భాగం) చిన్నదైన కామ్ వేసి, స్ప్రింగు రేకు బిగించడానికి బ్లాకులో రంధ్రాలు వేసి, వాటి లోపల మర గాట్లు కొయ్యాలి. షెవర్లే పాత బ్లాకులో ఇంకో చిక్కు ఉంది. ఫ్లాట్ లోబ్ వాలు కామ్‌ను ఎప్పుడూ వెనక్కి నెడుతుంది కనుక ముందువైపు దాన్ని ఆపే ప్లేటు పెట్టలేదు. రోలర్ లోబ్‌కు ఆ వాలు ఉండదు. దాంతో కామ్ ముందుకు జరగకుండా ఇంజన్ ముందువైపు టైమింగ్ కవర్ దగ్గర బటన్ (ఆపే చిన్న ముక్క) పెట్టి, ఆట (కామ్ ముందువెనకలకు కదిలే ఖాళీ) సరిగ్గా కొలవాలి. బటన్ ఎలాగూ తప్పదు, బ్లాకుకు రంధ్రాలు వేసే పనైనా దేనికని జంటలుగా కడ్డీతో కలిపిన కొత్త లిఫ్టర్లు కొనేవాళ్లే ఎక్కువ. షెవర్లే పాత బ్లాకు విషయంలో నా ఓటూ వాళ్లకే. 1987 తర్వాతి ట్రక్కు బ్లాకులు ఇంకో రకం. చాలావాటిలో స్ప్రింగు రేకు బిగించే దిమ్మెలు పోతపోసి ఉంటాయి, మరలు మాత్రం కొయ్యకుండా వదిలేశారు.

ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్‌ను కామ్ తిప్పే గేరు సంగతి చాలామంది మర్చిపోతారు. ఫ్లాట్ కామ్‌కు పనికొచ్చిన మామూలు పోత ఇనుప గేరును స్టీలు కామ్ తినేస్తుంది, ఆ పొడి నూనెలో కలిసి బేరింగుల్లోకి వెళ్తుంది. కామ్ లోహానికి సరిపడే గేరు వేసుకోవాలి. ముస్టాంగ్ 5.0 కామ్‌ను పాత 302లో వేస్తే ఇగ్నిషన్ వరుస (సిలిండర్లు మండే క్రమం) కూడా మారుతుంది: 1-5-4-2-6-3-7-8 బదులు 1-3-7-2-6-5-4-8. ప్లగ్ వైర్లు పాత వరుసలోనే ఉంచేసి, కార్బురేటర్‌లోంచి దగ్గుతున్న ఇంజన్ చుట్టూ తిరిగి గంటలు పోగొట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు.

1980ల దాత బండ్లు యార్డుల్లో ఇప్పుడు పల్చబడ్డాయి. ఆ లోటును షెవర్లే వైపు స్మాల్ బ్లాక్ తర్వాత వచ్చిన ఎల్ఎస్ తరం ట్రక్కు ఇంజన్లు తీరుస్తున్నాయి. వాటి లిఫ్టర్లు 1987 తర్వాతి స్మాల్ బ్లాక్ రోలర్ బోర్లలో సరిపోతాయి. కాకపోతే సగం సిలిండర్లను ఆపుకునే 5.3 లీటర్ల ఇంజన్ అయితే, పదహారింటిలో ఎనిమిది లోపలికి ముడుచుకునే రకానివి. ఆ ఎనిమిదింటినీ యార్డులోనే వదిలేసి రావాలి.