అబ్దుల్ అంటే సగం పేరే

గల్ఫ్‌కి వెళ్లేవాళ్ల సర్టిఫికెట్లను అరబీలోకి అనువదించడం నా పని. హైదరాబాద్‌లో ఈ పనికి కొదవేం లేదు. డిగ్రీ పట్టా వచ్చినా, నికానామా (ముస్లింల పెళ్లి పత్రం) వచ్చినా నా కళ్లు ముందు పేరు మీదికే పోతాయి. నన్ను ఎక్కువ తిప్పలు పెట్టిన పేరు అబ్దుల్.

అపోహ: అబ్దుల్ పేరు, రహీమ్ ఇంటిపేరు.

వాస్తవం: అరబీలో అబ్దుల్ అని విడిగా పేరే లేదు. 'అబ్ద్' అంటే దాసుడు. దానికి అంటుకున్న 'ఉ' ప్రథమా విభక్తి గుర్తు, మన 'రాముడు'లో 'డు' లాంటిది. మిగిలిన 'ల్' అసలు ఈ మాటది కానే కాదు, పక్కనున్న అల్-రహీమ్‌ది. రహీమ్ అంటే కరుణామయుడు, అల్లాహ్ నామాల్లో ఒకటి. మొత్తం కలిస్తేనే 'కరుణామయుడి దాసుడు' అవుతుంది. అబ్దుల్ దగ్గర ఆపేస్తే మాట గొంతులోనే ఆగిపోయినట్టు.

ఇది నాకు దెబ్బతింటేగాని తెలియలేదు. పనిలో కొత్త. ఒకబ్బాయి పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలో అబ్దుల్, పేరు గడిలో రహీమ్ అని ఉంది. నేనూ అలాగే రహీమ్ ముందు రాసి, తర్వాత అబ్దుల్ కోసం ఐన్, బా, దాల్, అలిఫ్, లామ్ అనే అరబీ అక్షరాలు రాసి వదిలేశాను. కౌంటర్‌లో అరబీ తెలిసిన పెద్దాయన కాగితం ఇటు తిప్పి అటు తిప్పి, "దాసుడు సరే, ఎవరికి?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ అబ్బాయికి వారం రోజులు టెన్షన్.

"దాసుడని పేరేంటండీ, బానిస అనేగా?" అని అడిగేవాళ్లూ ఉన్నారు. రామదాసు, హరిదాసు అని పెట్టుకునే మనం అడగాల్సిన ప్రశ్న కాదిది! అరబీలో కూడా ఆ తేడా ఉంది. దేవుడి దాసులు అనేటప్పుడు బహువచనం సాధారణంగా 'ఇబాద్'. కొని తెచ్చుకున్న బానిసలకు 'అబీద్'. ఉర్దూలో ఆరాధనకు వాడే ఇబాదత్ కూడా ఈ ధాతువు నుంచే వచ్చింది.

రామదాసు అంటే తానీషా గుర్తొస్తాడు. ఆయన్ని 'అబ్దుల్ హసన్' అని రాసేవాళ్లున్నారు. తప్పు. ఆయన అబుల్ హసన్. 'అబు' అంటే తండ్రి, అబుల్ హసన్ అంటే హసన్ తండ్రి. ఒక్క 'ద' ఎక్కువైతే తండ్రి కాస్తా దాసుడైపోతాడు. మౌలానా అబుల్ కలామ్ ఆజాద్ పేరులోనూ ఉన్నది అబు.

అపోహ: అబ్దుస్ సలామ్, అబ్దుర్ రహ్మాన్ అనేవి స్పెల్లింగ్ తప్పులు.

వాస్తవం: పలకడంలో అవే సరైనవి. అరబీ అక్షరాలు 28. వాటిలో 14 అక్షరాల ముందు 'అల్'లోని లకారం ఆ అక్షరంగానే మారిపోతుంది. 1979లో నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త అబ్దుస్ సలామ్ పేరు అలా వచ్చిందే. రాతలో మాత్రం లామ్ ఉంటుంది, పలకరు. అందుకే తండ్రి కాగితాల్లో అబ్దుల్ సలామ్, కొడుకు కాగితాల్లో అబ్దుస్ సలామ్ అని ఉన్నా, అరబీలో నేను రాసేది ఒక్కటే.

ఇది ముస్లింల పేరే అనుకోవడమూ పొరపాటే. ప్రవక్త ముహమ్మద్ తండ్రి పేరు అబ్దుల్లాహ్. ఆ పేరు పెట్టేనాటికి ఇస్లాం ఇంకా రాలేదు. సూర్యుడి దాసుడు అనే అర్థంలో అబ్ద్ షమ్స్ అనీ అప్పట్లో పెట్టుకునేవారు. అరబ్ క్రైస్తవుల్లో నేటికీ అబ్దుల్లాలు ఉన్నారు. మెసయ్య దాసుడు అని అబ్దుల్ మసీహ్ కూడా ఉంది.

ఆడపిల్లలకు ఇదే పేరు 'అమత్'తో వస్తుంది. అమత్ అంటే దాసి. పాతబస్తీలో వినిపించే అమతుల్ అదే. దానికీ పక్కన ఇంకో మాట ఉండాల్సిందే.

మరి పిలవడం? కరీమ్, రహీమ్, లతీఫ్ అని విడిగా పిలిస్తే ఎవరూ ఏమీ అనుకోరు. ఆ గుణాలు మనుషులకూ ఉండొచ్చు. రహ్మాన్ మాత్రం దేవుడికే చెందిన పేరు కాబట్టి అబ్దుర్ రహ్మాన్‌ని ఒట్టి 'రహ్మాన్ భాయ్' అంటే కొందరు పెద్దలు అక్కడికక్కడే సరిదిద్దుతారు. అరబ్బులు ఇంట్లో ముద్దుగా అబ్బూద్ అనో అబ్దూ అనో పిలుచుకుంటారు.

పాస్‌పోర్ట్ ఫారం నింపేటప్పుడు మాత్రం పేరు గడిలోనే రెండు ముక్కలూ కలిపి రాయించండి. ఇంటిపేరు లేకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి, అబ్దుల్‌ని తీసుకెళ్లి అందులో కూర్చోబెట్టకండి.