తొమ్మిదో తరగతి గుమ్మం ముందు ఇంటి చదువు

హైదరాబాద్‌లో పిల్లలను ఇంట్లోనే చదివిస్తున్న కుటుంబాలు ఎక్కువ లేవు. ఉన్నవాళ్లకు మాత్రం ప్రతి ఎండాకాలం ఒక ప్రశ్న తప్పదు: వచ్చే ఏడు కూడా ఇలాగేనా, బడిలో వేసేద్దామా? పిల్లలకు ఆరేడేళ్లప్పుడు ఆ మాట అమ్మమ్మలూ తాతయ్యలూ ఎత్తుతారు. పన్నెండు దాటాక తల్లిదండ్రులే తమలో తాము తర్జనభర్జన పడతారు. లెక్కలు వస్తాయా, నలుగురిలో కలుస్తాడా అన్న బెంగ అప్పటికి చాలావరకు తీరిపోతుంది. మిగిలేది కాగితాల బెంగ, అది మాత్రం ఊరికే పుట్టింది కాదు.

ఇంటి చదువు మనకు కొత్తేమీ కాదు. 1820ల్లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో బడుల లెక్కలు తెప్పించినప్పుడు, మద్రాసు నగరంలో ఇళ్లలో చదువుకునే పిల్లలు బడి పిల్లలకు దాదాపు ఐదు రెట్లని తేలింది. ఆ అంకెను మన్రోయే నమ్మలేదు. కానీ ఇంట్లో చదివే పిల్లలనూ లెక్కలో చేర్చాలని ఆనాటి అధికారులకు తోచింది. ఈనాటి గణాంకాల్లో వాళ్లకు చోటే లేదు.

హైదరాబాద్ సంస్థానం కథ వేరు. సర్కారు బడుల్లో ఉర్దూ బోధన సాగుతుంటే, తెలుగు అక్షరాలు నేర్చుకోవడానికి వీధి అరుగుల మీద నడిచే ఖాన్గీ (ప్రైవేటు) బడులే దిక్కు. 1920ల్లో నిజాం ప్రభుత్వం వాటికి అనుమతి తప్పనిసరి చేసింది. దాంతో పెద్ద సంఖ్యలో మూతపడ్డాయి. 1930లో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభలకు ఈ ఆంక్షలు పెద్ద ఫిర్యాదుల్లో ఒకటి. పిల్లలకు ఎవరు, ఎక్కడ చదువు చెప్పాలో సర్కారును అడగాలా అన్న పేచీ ఈ గడ్డ మీద వందేళ్ల కిందటిది.

స్వతంత్ర భారతంలో ఆ పేచీని విద్యాహక్కు చట్టం మళ్లీ లేపింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన ఈ చట్టం పదో సెక్షన్ ప్రకారం, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను దగ్గరి బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి. చేర్చకపోతే శిక్ష ఏమిటో మాత్రం అందులో లేదు. ఇంటి చదువు ప్రస్తావనా లేదు. ఢిల్లీ హైకోర్టులో దీనిపై పిటిషన్ పడితే, ఇష్టపడి ఇంట్లో చదివించుకునేవారికి చట్టం అడ్డురాదని 2012లో కేంద్రం చెప్పింది. కొద్ది నెలలకే మాట మార్చింది. ఆనాటి నుంచి ఇంటి చదువు నేరమూ కాదు, హక్కూ కాదు. సర్కారుకు ఇలా ఉంచేయడమే సుఖమని నా అనుమానం.

కరోనా ఈ దారిలోకి కొత్తవాళ్లను తెచ్చింది. 2020 మార్చిలో మూతపడ్డ తెలంగాణ బడులు ప్రాథమిక తరగతుల పిల్లలకు తెరుచుకున్నది 2021 సెప్టెంబర్‌లోనే. ఆ ఏడాదిన్నరలో బడిలో ఏం చెబుతున్నారో తల్లిదండ్రులు ఫోన్ తెర మీద కళ్లారా చూశారు. దీనికి ఇంత ఫీజా అనుకున్నవారిలో కొందరు పిల్లలను తిరిగి పంపలేదు. అప్పుడు రెండో తరగతిలో ఉన్న పిల్లలు ఇప్పుడు హైస్కూలు ఈడుకు వచ్చారు.

చిక్కుముడి అక్కడే. సర్కారు కొలువుకు దరఖాస్తు చేసేటప్పుడు ఏ తరగతి, ఏ ఏడాది, ఏ జిల్లాలో చదివారో వరుసగా నింపాలి. 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఒకటి నుంచి ఏడు వరకు చదివిన చోటును బట్టే స్థానికత, అంటే ఏ ప్రాంతపు వాటా కిందికి వస్తారన్నది, తేలుతుంది. బడి మొహమే చూడని పిల్లలకు ఆ గడులు ఖాళీ. వాళ్లు నివాస ధ్రువపత్రం తెచ్చుకోవాలి. వైద్య సీట్ల స్థానికతకు 2024లో తెచ్చిన నిబంధన తొమ్మిది నుంచి ఇంటర్ దాకా చదువును అడుగుతుంది. సీబీఎస్ఈ బడుల్లోనేమో పదో తరగతి పరీక్షకు నమోదు తొమ్మిదిలోనే జరుగుతుంది. ఎనిమిది వరకు వయసుకు తగ్గ తరగతిలో చేర్చుకోమని చట్టమే చెబుతోంది. ఆ తర్వాత బడి యాజమాన్యం దయ.

రెండో దారి ఓపెన్ స్కూల్, అంటే రోజూ బడికి వెళ్లకుండానే చదువుకుని పరీక్ష రాసే పద్ధతి. దానికి జాతీయ సంస్థ 1989లో వచ్చింది. రాష్ట్రానికీ సొంత సొసైటీ ఉంది. పద్నాలుగేళ్లు నిండితే పది పరీక్ష రాయవచ్చు. ఈ చదువుతో నీట్ రాయనివ్వరన్న భయం చాలాకాలం ఉండేది. ఆ అడ్డును 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది, 2024లో సుప్రీంకోర్టులోనూ విషయం తేలిపోయింది. అయినా ఓపెన్ అనగానే బడి మానేసిన పిల్లల చదువని పెదవి విరిచే బంధువులకు మన ఊళ్లో కొదవ లేదు. కార్పొరేట్ కాలేజీల ప్రకటనలు చూసి పెరిగిన ఊరాయె!

కాబట్టి కొనసాగించాలా వద్దా అన్నది ఏడో తరగతి ఈడులోనే తేల్చుకోవాల్సిన మాట. బడికి పంపాలనుకుంటే ఎనిమిదిలోనే చేర్చడం మేలు. ఇంట్లోనే ఉంచుతామంటే ఓపెన్ స్కూల్‌కు కావలసిన పుట్టిన తేదీ పత్రం, స్థానికతకు అక్కరకొచ్చే చిరునామా ఆధారాలు ఏళ్లవారీగా దాచుకోవాలి. అద్దె ఇల్లు మారినప్పుడు పాత కరారునామాలను పారేయకూడదు.