ఈగ వృషణంలో స్ఫటికాలు

పండ్ల ఈగల్లో కొన్ని మగవాటికి వై క్రోమోజోమ్‌లో ఒక ముక్క ఉండదు. పైకి ఏ తేడా కనిపించదు. కానీ వాటికి సంతానం కలగదు, కలిగినా తక్కువే. వృషణాన్ని మైక్రోస్కోప్ కింద చూస్తే, వీర్యకణాలుగా మారాల్సిన కణాల్లో సూదుల్లాగో నక్షత్రాల్లాగో స్ఫటికాలు పేరుకుని ఉంటాయి.

అవి స్టెల్లేట్ అనే ప్రోటీన్ స్ఫటికాలు. ఆ ప్రోటీన్ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, అదీ ఎన్నో కాపీలుగా. మామూలు మగ ఈగలో అది నోరెత్తదు, వై మీది ఆ ముక్క దాన్ని అణచి ఉంచుతుంది కాబట్టి. ఎలా అణచుతుందో 2001లో తేలింది: పాతిక అక్షరాల పొడవుండే చిన్న ఆర్ఎన్ఏ తునకలతో.

తునక ఒంటరిగా ఏమీ చేయలేదు. పీవీ కుటుంబానికి చెందిన ప్రోటీన్ ఒకటి దాన్ని పట్టుకుని ఉంటుంది. తునకలోని అక్షరాలు స్టెల్లేట్ జన్యువు పంపే ఆర్ఎన్ఏ సందేశంలోని అక్షరాలతో జతపడితే చాలు, ప్రోటీన్ ఆ సందేశాన్ని కత్తిరించేస్తుంది. 2006లో ఎలుక వృషణాల్లోనూ ఇలాంటి తునకలు కుప్పలుగా దొరికాయి. వాటికి పీవీ పేరు మీదుగా పై-ఆర్ఎన్ఏలు (piRNA) అని పేరు పెట్టారు.

వృషణంలో ఇంత కాపలా దేనికి? దూకే జన్యువుల్ని ఆపడానికి. మన డీఎన్ఏలో దాదాపు 45 శాతం దూకే జన్యువులు, వాటి శిథిలాలే. చాలావరకు చచ్చినవే అయినా, కొన్ని ఇంకా తమ నకళ్లను వేరేచోట అతికించగలవు. చర్మకణంలో అలా జరిగితే నష్టం ఆ మనిషితోనే పోతుంది. బీజకణంలో జరిగితే పిల్లలకు చేరుతుంది.

నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఇంకొకటి. మగ ఎలుక ఇంకా తల్లి కడుపులో ఉండగానే దాని బీజకణాలు డీఎన్ఏ మీది పాత మిథైల్ గుర్తుల్ని, అంటే దానికి అతుక్కుని ఉండే చిన్న రసాయన గుర్తుల్ని, దాదాపు పూర్తిగా చెరిపేసుకుంటాయి. దూకే జన్యువుల్ని నిద్రపుచ్చేవి ఆ గుర్తులే! అంటే తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకున్నట్టే. అప్పుడు మివి2 అనే ప్రోటీన్ పై-ఆర్ఎన్ఏల్ని వెంటబెట్టుకుని కేంద్రకంలోకి వెళ్తుంది, దూకే జన్యువుల మీద మళ్లీ గుర్తులు పడేలా చేస్తుంది. మివి2 లేని మగ ఎలుకల్లో కణవిభజన మధ్యలోనే ఆగిపోతుంది, వీర్యకణాలే తయారుకావు.

వై క్రోమోజోమ్ కథ ఈగతో ఆగలేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో రేచల్ జేసుదాసన్ బృందం, వై క్రోమోజోమ్ రెండు భుజాల్లో పొడవైనదానిలో కొంత భాగం పోయిన ఎలుకల్ని పరిశీలించింది. వాటి వీర్యకణాల్లో లోపాలున్నాయి. వై మీది ఆర్ఎన్ఏలు పై-ఆర్ఎన్ఏల ద్వారా ఇతర క్రోమోజోమ్‌ల జన్యువుల్నీ వృషణంలో అదుపు చేస్తున్నాయని ఆ బృందం 2021లో ప్రకటించింది.