పచ్చి టేకు తేలదు

బర్మా అడవుల్లో టేకు చెట్టును నరకడానికి రెండు మూడేళ్ల ముందే చంపేవారు. చచ్చిన చెట్టు అలాగే నిలబడి ఎండేది. వినడానికి క్రూరంగా ఉన్నా కారణం చాలా మామూలుది. పచ్చి టేకు దుంగను నీళ్లలో వేస్తే మునిగిపోతుంది, అప్పట్లో ఆ కొండల్లోంచి దుంగలు బయటికి రావడానికి వాగులూ నదులే దారి.

ఈ పద్ధతిని గర్డ్లింగ్ అంటారు. మాను మొదట్లో చుట్టూ గాడి కొడతారు. బెరడు మాత్రం ఒలిస్తే చాలదు. ఆకులు తయారుచేసిన ఆహారం వేళ్లకు దిగేది బెరడు లోపలి పొరలోంచి. ఆ దారి తెగినా వేళ్లలో దాచుకున్నదానితో చెట్టు చాలాకాలం నెట్టుకొస్తుంది. నీళ్లు పైకెక్కేది మాత్రం బెరడు కింద ఉండే తెల్లచెక్కలోంచి. అందుకని గొడ్డలి చేవ, అంటే మాను నడిమి గట్టి చెక్క, తగిలేదాకా దిగాలి. అప్పుడు కింది నుంచి నీళ్లు రావు, పైన ఆకులు మాత్రం ఆవిరి వదులుతూనే ఉంటాయి. అంటే మానులో ఉన్న తడిని చెట్టే తోడేసుకుంటుంది! ఆకులు రాలిపోయాక మిగిలిన పని ఎండా గాలీ చూసుకుంటాయి. బాగా ఆరిన టేకు ఘనపు మీటరుకు సుమారు 650 కిలోలు తూగుతుంది. అదే నీళ్లయితే 1000 కిలోలు. ఇక తేలడానికి అడ్డేముంది?

తరవాత ఏనుగులు దుంగల్ని వాగు దాకా లాగేవి. వాగు పొంగేదాకా ఆగాలి. ఆ ఏడు వానలు సరిగ్గా పడకపోతే దుంగలు ఇసకలోనే పడుండేవి. పెద్ద నదికి చేరాక తెప్పలు కట్టి వదిలేవారు. చెట్టుకు గాడి పడిన రోజు నుంచి రంగూన్ కోత మిల్లు చేరేసరికి ఏళ్లు గడిచేవి. అంతకాలం డబ్బు ఇరుక్కుపోయే వ్యాపారం కాబట్టి అది పెద్ద కంపెనీల చేతిలోకి వెళ్లిపోవడంలో వింత లేదు.

గాడి కొట్టే హక్కు ఎవరిదైతే అడవి మీద పెత్తనం వాళ్లదే. 1856లో బ్రిటిష్ పాలనలో ఉన్న దిగువ బర్మాలోని పెగూ టేకు అడవుల అధికారిగా వచ్చిన జర్మన్ వృక్షశాస్త్రవేత్త డీట్రిచ్ బ్రాండిస్ దీన్ని బాగా పట్టుకున్నాడు. చెట్లను చుట్టుకొలతను బట్టి లెక్కపెట్టించి, బాగా లావెక్కినవాటికే గాడి పడాలన్నాడు. 1864లో ఆయనే భారత అటవీశాఖకు మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ అయ్యాడు. అడవి మిగలాలన్న ఆలోచన మంచిదే. కానీ ఆ లెక్కల్లో చెట్లున్నంత స్పష్టంగా అడవిలో బతికే మనుషులు లేరు. పోడు చేసుకునేవాళ్ల మీద ఆంక్షలు మన మన్యంలో ఎంత కోపం రగిల్చాయో రంప తిరుగుబాట్లు చెబుతాయి.

రంగూన్ రేవులో, మిల్లుల్లో చెమటోడ్చిన కూలీల్లో మన తీరం వాళ్లు చాలామంది. కోరంగి రేవు పేరు మీద బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలనేవారు. టేకుతో మనకు అంతకన్నా పాత బంధమూ ఉంది. 17వ శతాబ్దంలో నరసాపురం దగ్గరి మాధవాయపాలెంలో ఓడలు కట్టేవారు, వాటికి కలప గోదావరి మీదే దిగేది.

ఓడలకు టేకే ఎందుకు? ఓక్ చెక్కలోని టానిన్ అనే వగరు పదార్థం ఇనప మేకుల్ని తినేస్తుంది. టేకులోని నూనె వాటిని కాపాడుతుంది. చేవలో ఉండే టెక్టోక్వినోన్ లాంటి రసాయనాల వల్ల చెదలు దాని జోలికి రావు. 1817లో బొంబాయిలో టేకుతో కట్టిన ట్రింకోమలీ అనే యుద్ధనౌక ఇంగ్లండ్‌లోని హార్టిల్‌పూల్‌లో ఇప్పటికీ నీళ్ల మీదే ఉంది.

2014 ఏప్రిల్ నుంచి మయన్మార్ దుంగల ఎగుమతి ఆపేసింది. ఇప్పుడు అడితిలో కనిపించే టేకులో చాలావరకు తోటల్లో పెరిగినదే. ఇరవై పాతికేళ్లకే కొట్టేస్తే అందులో తెల్లచెక్క వాటా ఎక్కువ, దానికి చెదను ఆపే శక్తి లేదు. టేకు కొనేటప్పుడు దుంగ కోసిన ముఖం వైపు చూడండి. బెరడు పక్కన లేతరంగు పట్టీ ఎంత వెడల్పుంటే అంత చెక్క వదులుకోవాలి.