ఓపెన్ సోర్స్ డాక్యుమెంటేషన్: అపోహలు - వాస్తవాలు

కోడ్‌ను పంచుకుని కలిసి పనిచేసే వెబ్‌సైట్ గిట్‌హబ్ 2017లో జరిపిన ఓపెన్ సోర్స్ సర్వేలో, అరకొరగా ఉన్న లేదా పాతబడిన డాక్యుమెంటేషన్ తమకు ఎదురైన సమస్య అని 93 శాతం మంది చెప్పారు. అదే సర్వేలో, డాక్యుమెంటేషన్ పనిలో తాము ఎప్పుడో గానీ చేయి వేయమని, లేదా అసలే వేయమని 60 శాతం కంట్రిబ్యూటర్లు (ప్రాజెక్టులకు సాయపడేవారు) ఒప్పుకున్నారు. చేయి వేయకపోవడానికి చాలావరకు కింది అపోహలే కారణమని మా అభిప్రాయం.

అపోహ: కోడ్ రాయడం రానివాళ్లకు ఇక్కడ పని లేదు.

వాస్తవం: ఇన్‌స్టలేషన్ గైడ్‌లో తప్పిపోయిన మెట్టు పాత కాపులకు కనిపించదు. కావాల్సిన లైబ్రరీలన్నీ వాళ్ల కంప్యూటర్లో ముందే ఉంటాయి. ఏమీ లేని కంటైనర్ గానీ వర్చువల్ మెషీన్ గానీ (కంప్యూటర్లోనే విడిగా నడిచే ఖాళీ వాతావరణం) తెరిచి, గైడ్‌లోని ఆదేశాలను ఉన్నవి ఉన్నట్టు, వరుసగా నడపండి. ఎక్కడ ఆగిందో, ఏ ఆదేశానికి ఆగిందో, వచ్చిన ఎర్రర్ మొత్తం, వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ ఇష్యూలో (ప్రాజెక్టు పేజీలో సమస్యను తెలిపే పోస్టులో) రాయండి. ఇంతకంటే విలువైన మొదటి సాయం మరొకటి లేదు.

అపోహ: పెద్ద మార్పు చేస్తేనే లెక్క.

వాస్తవం: 40 ఫైళ్లను తాకే పుల్ రిక్వెస్ట్‌ను (మన మార్పులను ప్రాజెక్టులో చేర్చమని పంపే అభ్యర్థనను) చదివే తీరిక వాలంటీర్ రివ్యూయర్‌కు దొరకదు. అది నెలల తరబడి అలాగే పడి ఉంటుంది, ఈలోగా మెర్జ్ కాన్‌ఫ్లిక్టులు (ఇతరులు అదే చోట చేసిన మార్పులతో ఘర్షణలు) పేరుకుంటాయి. ఒక పుల్ రిక్వెస్ట్‌కు ఒకే విషయం. అక్షరదోషాలు ఒకదానిలో, అధ్యాయాల క్రమం మార్చడం మరోదానిలో పంపండి. మార్క్‌డౌన్ (సాదా అక్షరాలతో రాసే పత్ర రూపం) ఫైల్లో ఒక్కో వాక్యాన్ని ఒక్కో లైన్లో రాస్తే మారిన వాక్యం మాత్రమే డిఫ్‌లో (పాత, కొత్త రూపాల తేడా చూపే పట్టికలో) కనిపిస్తుంది. పేరా మొత్తాన్ని మళ్లీ సర్దితే అసలు మార్పును వెతుక్కోవాల్సి వస్తుంది. శీర్షిక మారిస్తే దాని నుంచి పుట్టే యాంకర్ (లింకులో ఆ విభాగాన్ని సూచించే భాగం) కూడా మారుతుందనీ, బయటి లింకులు ఆ విభాగానికి చేరవనీ చాలామంది గమనించరు. ఫైలును వేరే చోటికి మారిస్తే పాత చిరునామా నుంచి కొత్తదానికి మళ్లించే రీడైరెక్ట్ పెట్టాల్సిందే.

అపోహ: ఒకసారి బాగా రాస్తే చాలు.

వాస్తవం: పేజీలో అక్షరం మారకపోయినా, కోడ్ మారిన రోజే అది తప్పవుతుంది. అందుకే డాక్యుమెంటేషన్‌ను కోడ్ ఉన్న రిపాజిటరీలోనే (ప్రాజెక్టు ఫైళ్లు, వాటి మార్పుల చరిత్ర ఉండే చోట) ఉంచి, ప్రవర్తన మార్చే పుల్ రిక్వెస్ట్‌లోనే సంబంధిత పేజీ సవరణ కూడా ఉండాలని నియమం పెట్టుకోవడం మేలు. మిగతా కాపలా యంత్రానికి అప్పగించవచ్చు. డాక్యుమెంటేషన్ పేజీలు తయారుచేసే స్ఫింక్స్ అనే సాధనంలో లింక్‌చెక్ చెడిన లింకులను పట్టిస్తుంది, డాక్‌టెస్ట్ పైథాన్ ఉదాహరణలను నడిపి ఫలితం సరిపోలిందో లేదో చూస్తుంది. హెచ్చరిక వస్తే బిల్డ్ (పేజీలు తయారయ్యే ప్రక్రియ) ఆగేలా కూడా పెట్టవచ్చు. అయితే లింక్‌చెక్‌ను ప్రతి పుల్ రిక్వెస్ట్‌కు అడ్డుగా పెట్టకండి. ఎక్కడో ఒక సర్వర్ కాసేపు పలకకపోతే కొత్తవారి సవరణ ఆగిపోతుంది. రోజుకోసారి విడిగా నడిపితే సరిపోతుంది.

పాత బటన్ ఉన్న స్క్రీన్‌షాట్‌ను, పనిచేస్తున్నా ఇప్పుడు సిఫారసు చేయని పద్ధతిని ఇవేవీ పట్టలేవు. వాటికి మనిషే కావాలి. ఏ భాగాన్ని ఎవరు చూసుకుంటారో రాసే కోడ్‌ఓనర్స్ ఫైల్లో ఒక్కో విభాగానికి ఇద్దరి పేర్లు ఉంటే రివ్యూ అభ్యర్థన నేరుగా వాళ్లకే వెళ్తుంది, ఒకరు అందుబాటులో లేకపోయినా రెండోవారు చూసుకుంటారు.

అపోహ: పేజీలు పెరిగితే డాక్యుమెంటేషన్ మెరుగైనట్టే.

వాస్తవం: ఒకే సెట్టింగ్‌ను మూడు చోట్ల వివరిస్తే ఒకచోట మాత్రమే సవరణ జరుగుతుంది. ఒకచోట ఉంచి, మిగతా చోట్ల లింక్ ఇవ్వండి.

అపోహ: అనువాదం నూరు శాతానికి చేరితే పని అయిపోయినట్టే.

వాస్తవం: గెట్‌టెక్స్ట్ అనే అనువాద పద్ధతిలో మూల వాక్యం కొద్దిగా మారితే, సాధనం పాత అనువాదాన్నే దానికి తగిలించి ‘ఫజీ’ (మళ్లీ సరిచూడాల్సినది) అని గుర్తు పెడుతుంది. స్ఫింక్స్ మామూలుగా ఫజీ అనువాదాలను వాడదు, వాటి బదులు మూల వాక్యాన్నే చూపిస్తుంది. శాతం పెంచాలన్న తొందరలో చదవకుండా ఆ గుర్తు తీసేయడమే ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు. మూలంలో ‘ఆన్ చేయండి’ కాస్తా ‘ఆఫ్ చేయండి’గా మారి ఉంటే, పాఠకుడికి సరిగ్గా వ్యతిరేకమైన సూచన అందుతుంది. గుర్తు తీసే ముందు పాత, కొత్త మూల వాక్యాలను పక్కపక్కన పెట్టి చదవండి. అంత సమయం లేకపోతే గుర్తును అలాగే వదిలేయండి.