చెవులు వాల్చిన కుందేళ్లు

స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో 1957 నాటి ప్రయోగానికి చెందిన రెండు ఫోటోలున్నాయి. మొదటిదాంట్లో కుందేళ్లు చెవులు వాల్చేసి, పడి ఉన్నచోటి నుంచి కదలకుండా ఉన్నాయి. వాటికి ఎక్కించింది రిసర్పిన్ అనే మందు. రెండోదాంట్లో అవే కుందేళ్లు చెవులు నిక్కించుకుని చూస్తున్నాయి. మధ్యలో జరిగిందల్లా డోపా అనే పదార్థం ఇంజెక్షన్ చేసి, పావుగంట ఆగడం. ఆ ప్రయోగం చేసిన అర్విడ్ కార్ల్‌సన్‌కు అప్పుడు 34 ఏళ్లు.

రిసర్పిన్ పుట్టిల్లు మన సర్పగంధ వేరు. మతి చలించినవాళ్లను అది నెమ్మదింపజేస్తుందనీ, రక్తపోటు తగ్గిస్తుందనీ గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ 1931లోనే రాశారు. 1952లో స్విట్జర్లాండ్ కంపెనీ సీబా ఆ వేరులోంచి రిసర్పిన్‌ను విడదీసింది. మరి అది మెదడులో ఏం చేస్తోంది?

నాడీకణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి వాడే సెరొటోనిన్ అనే రసాయనం నిల్వలను ఖాళీ చేస్తోందని అమెరికాలో బెర్నార్డ్ బ్రోడీ ల్యాబ్ తేల్చింది. అక్కడ కొన్ని నెలలు పనిచేసిన కార్ల్‌సన్‌కు మిగతా రసాయనాల మాటేమిటని అనుమానం. బ్రోడీ పట్టించుకోలేదు. స్వీడన్ తిరిగొచ్చి నిల్స్-ఓకే హిల్లార్ప్‌తో కలిసి చూస్తే అలాంటిదే మరో రసాయనం నోరాడ్రినలిన్ కూడా ఖాళీ! అయితే దాని ముడిసరుకు డోపా ఇచ్చి చూద్దామనుకున్నారు. కుందేళ్లు లేచి కూర్చున్నాయి. సెరొటోనిన్ ముడిసరుకు ఇస్తే మాత్రం లేవలేదు.

తమాషా ఏమిటంటే, లేచిన జంతువుల మెదడులో నోరాడ్రినలిన్ పెరగనేలేదు. పెరిగింది డోపమిన్. డోపా నుంచి నోరాడ్రినలిన్‌కు పోయే దారిలో అదొక చిన్న స్టేషన్ మాత్రమేనని అప్పటిదాకా అందరి నమ్మకం. కదలికలను నడిపే మెదడు లోపలి భాగాల్లోనే అది ఎక్కువగా ఉందని కార్ల్‌సన్ శిష్యులు 1959లో చూపించారు. రిసర్పిన్ వాడిన మనుషుల్లో పార్కిన్సన్స్ (కదలికలు మందగించి, చేతులు వణికే జబ్బు) లక్షణాలు ఎందుకొస్తాయో ఇక ఊహించవచ్చు.

1960లో లండన్ సమావేశంలో పెద్దలు దీన్ని నమ్మలేదు. నోబెల్ గ్రహీత హెన్రీ డేల్ అయితే డోపా విషమన్నాడు. అదే ఏడాది వియన్నాలో ఎహ్రింగర్, హోర్నికీవిచ్ చనిపోయిన పార్కిన్సన్స్ రోగుల మెదళ్లు పరీక్షించి, డోపమిన్ బాగా తగ్గిపోయిందని కనుక్కున్నారు. ఆ ‘విషం’లోని ఎల్-డోపాయే ఇవాళ్టికీ ఆ జబ్బుకు ముఖ్యమైన మందు. కార్ల్‌సన్‌కు నోబెల్ రావడానికి మాత్రం 2000 దాకా ఆగాల్సి వచ్చింది.

పనిచేసే మందు కనిపిస్తే అది మెదడులో దేన్ని కదిపిందో వెతకడం ఆయన అలవాటు. డిప్రెషన్‌కు వాడే పాత మందులనూ అలాగే తరచి చూశాడు. నాడీకణం తాను విడుదల చేసిన సెరొటోనిన్‌ను మళ్లీ లోపలికి లాక్కుంటుంది. ఆ పాత మందుల్లో కొన్ని ఈ లాగుడును అడ్డుకుంటున్నాయి. అదొక్కటే చేసే మందు ఉంటే? స్వీడన్ కంపెనీ ఆస్ట్రా కెమిస్టులతో కలిసి, ఒక అలర్జీ మందు అణువును అటూ ఇటూ మార్చి జిమెలిడిన్ తయారుచేశాడు.

నా లెక్కలో ఆయన కథలో మనసు కలుక్కుమనిపించే ఘట్టం ఇదే. 1982లో అమ్మకానికి వచ్చిన జిమెలిడిన్ వల్ల కొందరికి జ్వరం, అరుదుగా గిలాన్-బారే అనే నరాల జబ్బు వచ్చాయి. 1983లో కంపెనీ దాన్ని వెనక్కి తీసుకుంది. అదే దారిలో పనిచేసే ప్రోజాక్‌కు 1987 చివర్లో అమెరికాలో అనుమతి దొరికింది. జనం నోట నానిన పేరు అదే.